అమ్మ చేతిలో చెక్క గరిటె

"అన్నయ్యా, ఆదివారం పొద్దున్నే ఒకసారి రా. మాత్రలు వేసుకోమని అమ్మకు నువ్వు చెప్పాలి. నీ మాటైతే వింటుంది" అని తమ్ముడు ఫోన్ చేశాడు. నిజం చెప్పాలంటే లోపల్లోపల కాస్త గర్వంగానే అనిపించింది. వాడింట్లో నా మాటతో పని పడడం అదే మొదటిసారి.

వాడు ఇంజనీరు. నేను ఏడో తరగతిలో బడి మానేసి కరెంటు పనిలో చేరినవాణ్ణి. వాడి చదువు పూర్తయ్యేదాకా ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. ఆ సంగతి ఎత్తితే "మళ్ళీ మొదలుపెట్టావా" అంటాడు కాబట్టి ఎత్తను. రెండేళ్ళ కిందట వాడు ఫ్లాటంతా కొత్తగా చేయించుకున్నాడు. గోడలు చీల్చి వైర్లు మార్పించాడు. ప్రతి స్విచ్ బోర్డుకూ మొహం చూసుకునేలా మెరిసే స్టీలు ప్లేటు వేయించాడు. ముప్పై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు వైరింగ్ చేస్తున్న అన్న ఉన్నాడన్న సంగతి వాడికి గుర్తు రాలేదేమో అనుకున్నాను. గుర్తొచ్చిందట. "నీది పాత పద్ధతి కదన్నయ్యా, ఈ కంపెనీవాళ్ళయితే డిజైనుతో సహా మొత్తం చూసుకుంటారు" అన్నాడు. సరే అన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటు.

ఇంతకీ మాత్రలెందుకంటే, ఆ ఫ్లాట్లో బాత్రూమ్ తలుపు పక్కనున్న లైటు స్విచ్ అమ్మను కరుస్తోంది. మాట అమ్మదే. "అది కరుస్తోందిరా" అని ఏడాదిగా చెబుతోంది. ఇంకెవర్నీ కరవదు. తమ్ముడు నొక్కి చూశాడు. మరదలు నొక్కి చూసింది. ఆ కంపెనీ మనిషి వచ్చి పదిసార్లు వేసి తీసి, "బాగానే ఉంది సార్, పెద్దావిడ కదా" అని నవ్వి వెళ్ళాడు.

నేనూ నొక్కాను. ఆ మాట దాచను. నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం అటు వెళితే అమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. జేబులోంచి టెస్టర్ తీసి ప్లేటు మీదా, స్క్రూల మీదా పెట్టాను. వెలగలేదు. "ఏమీ లేదమ్మా, ఊరికే భయపడుతున్నావు" అని చెప్పి, మరదలిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఆ తరవాత అమ్మ వంటింట్లోంచి ఒక చెక్క గరిటె తెచ్చుకుని తన దగ్గరే ఉంచుకుంది. స్నానానికి వెళితే భుజాన తువ్వాలు, చేతిలో గరిటె. గరిటె కాడతో స్విచ్ నొక్కుతుంది. రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. మరదలు అదంతా తలుపు చాటు నుంచి ఫోనులో తీసింది. డాక్టరు ఆ వీడియో చూసి, ఇలాంటి భయాలు ఈ వయసులో మామూలేనని పొద్దునకొక మాత్ర, రాత్రికొక మాత్ర రాశాడు. నెల తిరగకుండా అవి రెండేసి అయ్యాయి. ఇప్పుడు అమ్మ నోరు బిగబట్టుకుని కూర్చుంటోందట. మింగించడానికి నేను రావాలి.

ఆదివారం తొమ్మిదిన్నరకు వెళ్ళాను. మా అమ్మ పేపరు మొదటి అక్షరం నుంచి ఆఖరున ముద్రించినవాళ్ళ చిరునామా దాకా చదివే మనిషి. ఆ రోజు పేపరు మడత విప్పకుండా ఒళ్ళో ఉంది. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ.

"ఇదేంటి?" అన్నాను.

"మొన్న మంచం దిగుతూ తూలారు బావగారూ. మాత్రల మత్తు కొంచెం ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు" అంది మరదలు. ఆమె మొహమూ పీక్కుపోయి ఉంది. ఉద్యోగం, ఇల్లు, ఈ గొడవ. ఆమెను తిట్టడానికి నోరు రాలేదు.

తమ్ముడు ఇంటి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు. వాడికి నేల చల్లదనం పడదు, మంచం దిగితే చెప్పుల్లోకే దిగుతాడు. మాత్రల అట్ట నా చేతిలో పెట్టాడు. "నీ ఎదురుగా వేసుకుంటే చాలన్నయ్యా. ఇవాళ వేసుకుంటే రేపటి నుంచి అలవాటైపోతుంది. లేకపోతే ఇంకా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వాళ్ళు అడ్మిట్ చేసుకుంటామంటే మనం ఏం చేస్తాం చెప్పు."

అమ్మ కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, నా చేతిలో అట్టను చూసింది.

"పెద్దోడా, నువ్వూ ఇందుకేనా వచ్చావు?"

ఆ మాట మెల్లగా, నాలుక మడతపడి వచ్చింది. నేను అట్ట టీపాయ్ మీద పెట్టి కింద కూర్చున్నాను. అక్కడ కూర్చున్నాక నాకు పని నేర్పిన మా మేస్త్రి గుర్తొచ్చాడు. షాక్ కొట్టిందని ఎవరైనా పిలిస్తే ఆయన మమ్మల్ని ముందు బోర్డు ముట్టుకోనిచ్చేవాడు కాదు. షాక్ తిన్న మనిషిని కూర్చోబెట్టి అడగమనేవాడు. ఎప్పుడు తగిలింది, ఏ చేతికి, కాళ్ళకు ఏముంది, ఆ సమయానికి ఇంట్లో ఏమేం వేసి ఉన్నాయి. అన్నీ విన్నాకే స్క్రూడ్రైవరు తియ్యాలి. ముప్పై రెండేళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళందరినీ అలాగే అడిగాను. మా అమ్మను మాత్రం అడగలేదు. ఆవిడ నా తల్లి కాకుండా ఎవరో పరాయి ఇంటి పెద్దావిడ అయ్యుంటే అడిగేవాణ్ణి. ఆ సంగతి తట్టాక చెంప మీద కొట్టినట్టయింది.

"అమ్మా, స్విచ్ ఎప్పుడు కరుస్తుంది?"

"స్నానం చేసి బయటికొచ్చి లైటు ఆపేటప్పుడు."

"లోపలికి వెళ్ళేటప్పుడు?"

"అప్పుడు కరవదు."

"రోజూనా?"

"రోజూ. తలుపు ముందు మ్యాట్ ఉన్న రోజు చురుక్కుమంటుంది. మ్యాట్ ఉతకడానికి తీసిన రోజు చెయ్యి విసిరికొడుతుంది."

తమ్ముడు ఫోను చూసుకుంటూ, "చూశావా, ఒక్కో రోజు ఒక్కోలా చెబుతుంది" అన్నాడు.

"నువ్వు కాసేపు నోరు మూసుకో" అన్నాను. వాణ్ణి అలా అని ఎన్నేళ్ళయిందో. వాడు ఫోను దించి నా వైపు చూశాడు.

"నీళ్ళ కోసం గీజర్ వేస్తావా అమ్మా?"

అమ్మ మెడ సాచి వంటింటి వైపు చూసింది. మరదలు లోపల గిన్నెలు సర్దుతోంది. అమ్మ నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

"కోడలితో చెప్పవుగా?"

"చెప్పను."

"గీజర్ ఆపేశాకే లోపలికి వెళ్ళాలని ఇంట్లో రూలు. వేసి ఉంచితే పేలుతుందట. అందరూ ఆపే వెళతారు. నాకేమో చలిరా. ఆఖరి మగ్గు దాకా నీళ్ళు వేడిగా ఉండాలి. ఆపినట్టు టక్కుమనిపించి, వెంటనే మళ్ళీ వేసేస్తా. రెండు టక్కులు ఎవరు లెక్కపెడతారు? బయటికొచ్చి లైటు ఆపాక గీజరూ ఆపేస్తా. ఎవరికీ తెలియదు."

లేచి బాత్రూమ్ దగ్గరికి వెళ్ళాను. ఒకే ప్లేటులో మూడు స్విచ్‌లు, లైటుకొకటి, గాలి లాగే చిన్న ఫ్యానుకొకటి, గీజరుకొకటి. గీజర్ ఆపి ఉంది. టెస్టర్ ప్లేటు మీద పెట్టాను. వెలగలేదు. గీజర్ స్విచ్ వేశాను. ప్లేటు మీద పెట్టాను.

టెస్టర్ ఎర్రగా వెలిగింది.

"ఇలా రా" అన్నాను తమ్ముడితో. వచ్చాడు. చూపించాను. గీజర్ ఆపాను, ఆరిపోయింది. వేశాను, వెలిగింది. మళ్ళీ ఆపాను, మళ్ళీ వేశాను. వాడు ఇంజనీరు, వివరించక్కర్లేదు. అయినా నాలుగోసారీ వేసి చూపించాను.

"మరి మేం ముట్టుకుంటే ఏమీ..." అని ఆగిపోయాడు.

"మీరు గీజర్ ఆపేసి ముట్టుకున్నారు. పొడి చేత్తో ముట్టుకున్నారు. నువ్వు చెప్పులేసుకుని ముట్టుకున్నావు. నేనూ గీజర్ ఆపి ఉండగానే చూశాను. తడి చేత్తో, తడి కాళ్ళతో, గీజర్ వేసి ఉండగా ముట్టుకునే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. ఆ ఒక్క మనిషికీ మాత్రలు వేశారు."

మెయిన్ ఆపి ప్లేటు విప్పాను. కింద స్క్రూ బయటికి వస్తూనే ఉంది, ఎంతకీ అయిపోదు. ఉండాల్సినదానికి రెండింతల పొడుగు. అసలు స్క్రూ ఎక్కడో పడిపోయుంటుంది, చేతికి అందింది బిగించేసి పోయారు. లోపల గీజరుకు వెళ్ళే వైరును అది గోడలోని ఇనప డబ్బాకేసి నొక్కి పట్టుకుంది. వైరు తొడుగు మెల్లమెల్లగా తెగి రాగి బయటపడింది. గీజర్ వేసినప్పుడల్లా ఆ స్క్రూకూ, దాంతోపాటు ఆ మెరిసే ప్లేటుకూ కరెంటు వచ్చేస్తోంది. అలాంటప్పుడు మనిషిని కాపాడడానికే ఎర్త్ వైరు ఉంటుంది. ఉంది. మూరెడు పచ్చ వైరు చుట్ట చుట్టి, టేపు వేసి, డబ్బా మూలలో కుక్కి ఉంది. దేనికీ తగిలించలేదు. డిజైనుతో సహా మొత్తం చూసుకోవడమంటే ఇది.

కానీ నాకు ఇంకో అనుమానం మిగిలింది. కొత్త వైరింగ్ అన్నాక లీకేజీ ఉంటే క్షణంలో ఇంటికంతా కరెంటు ఆపేసే ట్రిప్పర్ ఉంటుంది. అది ఉండగా అమ్మకు ఏడాది పాటు షాక్ ఎలా తగిలింది? గుమ్మం దగ్గరున్న మెయిన్ డబ్బా తెరిచాను. ట్రిప్పర్ ఉంది. దాని పక్కనుంచి ఒక వైరు ముక్క వేసి, కరెంటు దానికి తగలకుండా నేరుగా ఇంట్లోకి పోయేలా చేసి పెట్టారు.

"ఇదెవరు చేశారు?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "అది పాడైపోయిందన్నయ్యా. ఏడాది కిందట మాటిమాటికీ పడిపోయేది. ఇల్లంతా కరెంటు పోయేది. నా మీటింగులన్నీ మధ్యలో తెగిపోయేవి. కంపెనీవాణ్ణి పిలిస్తే ప్రస్తుతానికి ఇలా ఇస్తానన్నాడు. తరవాత మార్చాలి, మర్చిపోయాం."

"ఏ టైములో పడిపోయేది?"

"పొద్దునపూట. ఎనిమిదిన్నర, ఆ ప్రాంతాల్లో."

మరదలు వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది. "అత్తయ్యగారి స్నానం అయిన వెంటనే పోయేది" అంది. ఆ మాట ఆమె మాతో అనలేదు, తనలో తనే అనుకుంది. "చీకట్లో నిలబడి పిలిచేవారు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని." ఆ తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది.

ట్రిప్పర్ పక్కనున్న ఆ వైరు ముక్క పీకేసి, దాన్ని మళ్ళీ సరిగా కలిపి, ఒక్క క్షణం మెయిన్ వేసి పరీక్ష బటన్ నొక్కాను. టప్పున పడింది. మెయిన్ మళ్ళీ ఆపేశాను. దానికి ఏ రోగమూ లేదు. అమ్మకు షాక్ తగిలిన ప్రతిసారీ అది తన పని తాను చేసింది. మా వాడికి మీటింగులో మాట తెగిపోయిందని దాని నోరు నొక్కేశాడు. మరుసటి వారం నుంచి అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నోరు నొక్కడానికి మాత్రలు దొరికాయి. నాకు చదువు లేదు. కానీ ఇంట్లో రెండు చోట్ల నుంచి ఒకటే మాట వినిపిస్తుంటే రెండూ పాడయ్యాయని తేల్చడానికి ఎంత చదవాలో నాకు అర్థం కాలేదు. ఈ మాటలు వాడితో పైకే అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇక్కడ రాయను.

వాడు తల దించుకుని విన్నాడు. చివరికి, "ఆ కంపెనీ మీద కంప్లయింట్ పెడతాను" అన్నాడు.

"పెట్టుకో. అది తరవాత. ముందు అమ్మతో చెప్పు."

"ఏమని చెప్పను? స్క్రూ, ఎర్తింగు, ఇవన్నీ ఇప్పుడావిడకు చెప్పినా అర్థమవుతాయా? ఎలాగూ నువ్వు బాగు చేస్తున్నావుగా. ఇక కరవదు, ఆవిడే మెల్లగా మర్చిపోతుంది."

"నువ్వు చెప్పింది నిజమే అమ్మా అని చెప్పడానికి ఎర్తింగు ఎందుకురా?"

నేను కోపం చేతుల్లోకి రాకుండా పని చేసుకున్నాను. తెగిన వైరు తీసేసి కొత్తది లాగాను. ఎర్త్ వైరు విప్పి డబ్బాకూ ప్లేటుకూ బిగించాను. నా సంచీలోంచి పొట్టి స్క్రూ వేశాను. పొడుగు స్క్రూ చొక్కా జేబులో వేసుకున్నాను. "రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. వీడియో చూశాడుగా, ఇదీ చూడనీ. మాత్రలు ఎలా ఆపాలో ఆయనే చెబుతాడు" అన్నాను. మరదలు తలూపింది. టీపాయ్ మీది అట్ట తీసి సొరుగులో పెట్టేసింది. "ఉదయం పదింటికి టైము తీసుకుంటాను బావగారూ" అంది.

మెయిన్ వేశాను. గీజర్ వేసి టెస్టర్ పెట్టాను, వెలగలేదు. మీటరు పెట్టి చూశాను, సున్నా. వెనక్కి తిరిగితే అమ్మ నిలబడి ఉంది, గోడ పట్టుకుని. ఇంకో చేతిలో గరిటె.

"అయిపోయిందమ్మా. నువ్వు చెప్పింది నిజమే. స్విచ్‌లోనే తప్పుంది. నీలో ఏమీ లేదు. ఇక చేత్తో నొక్కు."

అమ్మ నా మొహంలోకి చూసింది. "అప్పుడూ నువ్వేగా ఏమీ లేదన్నావు?"

అవును, అన్నాను కదా.

"నువ్వు నొక్కు" అంది. "నాలాగా."

చెప్పులు గుమ్మం దగ్గరే విడిచాను కాబట్టి ఆ బాధ లేదు. బాత్రూమ్‌లోకి వెళ్ళి కాళ్ళూ చేతులూ తడుపుకున్నాను. మ్యాట్ కాలితో పక్కకు తోశాను. గీజర్ వేసి ఉంది. ప్లేటు మీద అరచెయ్యి మొత్తం ఆనించి లైటు వేశాను, తీశాను. అమ్మ నా చేతిని కాదు, కళ్ళను చూసింది. తరవాత, "కోడలా" అంది.

మరదలు చేతులు, కాళ్ళు తడుపుకుని వచ్చి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నొక్కింది. "ఏమీ లేదు అత్తయ్యా" అని, మళ్ళీ వెంటనే, "ఇప్పుడు లేదు" అని దిద్దుకుంది. అమ్మ ఆమె భుజం తట్టింది.

"చిన్నోడా."

"అన్నయ్య నొక్కాడుగా అమ్మా. నీ కోడలూ నొక్కిందిగా."

"నువ్వు నొక్కు. చెప్పులు విప్పు."

వాడు నా వైపు చూశాడు. నేను కిందపడ్డ సిమెంటు పొడి తుడుచుకుంటున్నట్టు నటించాను. వాడు చెప్పులు విప్పాడు. ఆ ఇంట్లో వాడి పాదాలు నేలకు ఆనగా చూడడం నాకదే మొదలు, తెల్లగా, మెత్తగా ఉన్నాయి. కాళ్ళు తడుపుకుని తడి నేల మీద నిలబడి చెయ్యి చాచాడు. ప్లేటుకు జానెడు దూరంలో వేలు ఆగింది.

"అన్నయ్యా, బాగా చూశావుగా? ఎర్త్ సరిగ్గా తగిలించావా?"

"నాది పాత పద్ధతి" అన్నాను.

వేలు కదల్లేదు. మేం ముగ్గురం చూస్తున్నాం. వెనక్కి తీసుకోలేడు, ముందుకు పోలేడు. ఏడాది పాటు ఏమీ లేదు ఏమీ లేదు అని ఎంత సులువుగా అన్నాడో, ఆ జానెడు దూరం అంత కష్టమైపోయింది.

"అదేరా" అంది అమ్మ. గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా మండింది. "ఇప్పుడు నీకున్నదే. రోజూ పొద్దున్నే నాకు అదే ఉండేది."

వాడు నొక్కాడు. లైటు వెలిగింది. వాడు చెయ్యి తీయకుండా ఆ స్విచ్ మీదే వేలు పెట్టి, మా వైపు తిరక్కుండా, గోడతో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా."

"సరే, తప్పుకో. ఇంకా స్నానం కాలేదు నాకు."

అమ్మ గరిటెను మరదలి చేతిలో పెట్టింది. "కడిగి వంటింట్లో పెట్టు. నాలుగు నెలలైంది, వంట మొహం చూసి." తువ్వాలు భుజాన వేసుకుంది. మొన్నటిలా తూలుతుందేమోనని నేను మోచెయ్యి అందించాను, పట్టుకుంది. బోర్డు ముందు ఆగి, స్విచ్‌లు చూసి, కోడలి వైపు తిరిగింది.

"ఇదిగో, గీజర్ ఆపను. ముందే చెబుతున్నా. నాకు చలి."

మరదలు, "ఆపకండి అత్తయ్యా" అంది.

నీళ్ళు ఇంకా వేడెక్కలేదేమో చూస్తానని నేను లోపలికి వెళ్ళి కుళాయి విప్పాను, బాగానే కాగాయి. నేను బయటికి వచ్చాక అమ్మ లైటు ఉందో లేదో చూసుకుని, ఒకసారి ఆపి, మళ్ళీ తనే వేసుకుంది. గరిటె లేకుండా, వట్టి వేలితో. ఆ వేలు ఎక్కడా ఆగలేదు. తలుపు మూసుకుంది.

తమ్ముడు చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే తడి కాళ్ళతో నిలబడ్డాడు. నేను సామాను సంచీలో సర్దుకున్నాను, కానీ వెంటనే వెళ్ళలేదు. అమ్మ స్నానం ముగించి బయటికి వచ్చేదాకా, వచ్చి తడి చేత్తో లైటు ఆపేదాకా మేం ముగ్గురం ఆ నడవలోనే నిలబడి ఉన్నాం.

ఆపింది. ఆ తరవాత గీజరూ ఆపింది. ఆ టక్కు ఈసారి దొంగచాటుగా కాదు, మా ముగ్గురి ఎదుటే వినిపించింది.